దారి అడిగే గంగయ్య మావ

గంగయ్యకు తెలియని దారి లేదు. అయినా కనిపించిన ప్రతివాడినీ దారి అడగనిదే ఆయన కాలు కదలదు. ఇపో బస్‌స్టాండులో, ‘ఇపో’ అని ఊరి పేరు మూడు భాషల్లో రాసిన బోర్డు కింద నిలబడి, “బాబూ, ఇపో ఎటు లా?” అని అడిగిన మనిషి. మాట చివర ‘లా’ తగిలించడం మలయాలో పుట్టినవాళ్లందరికీ ఉన్నదే. అడగడం మాత్రం ఆయన సొంతం.

ఒకసారి సైకిల్ మీద పోతున్నవాణ్ణి ఆపి, “ఎస్టేటు గుమాస్తా గంగయ్య ఇల్లు ఎక్కడ?” అన్నాడట. పాపం అతను సైకిలెక్కించుకుని తెచ్చి ఆయన భార్య పుష్పానికి అప్పజెప్పాడు.

“ఈ ముసలాయన మీ ఇల్లు ఎతుకుతున్నాడమ్మా.”

“అరుగు మీద దింపీ నాయనా,” అందామె తల ఎత్తకుండా. “వారానికోపాలి ఎవులో ఒకలు తెచ్చి దింపుతారు.”

అలాంటి మనిషిని తోడిచ్చి రత్నావతిని లండన్ పంపారు. మలయాకు మెర్డెకా వచ్చిన మరుసటి ఏడాది అది. స్వతంత్రం కొత్త, పాస్‌పోర్టు కొత్త, రత్నావతి కాళ్లకు బూట్లు కూడా కొత్త. గంగయ్య పనిచేసిన సుంగై సుమున్ దగ్గరి రబ్బరు తోటలోనే పుట్టిన పిల్లకు నర్సు చదువులో చోటు దొరికింది. గంగయ్య పెన్షన్ పుచ్చుకున్నాక ఒకచోట కుదురుగా కూర్చోలేక, పిల్లను దిగబెట్టి నెల తిరగ్గానే వచ్చేస్తానని బయల్దేరాడు.

రోములో దిగిన విమానం మళ్లీ లేవలేదు. ఇంజనుకేదో రోగం, సాయంత్రం దాకా కుదరదన్నారు. సింగపూర్ నుంచి గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ వచ్చిన రత్నావతి అక్కడ నోరు విప్పింది.

“మావా, నాను లండన్ ఎల్లను. నన్ను తిరుగు విమానం ఎక్కించీ.”

“ఏటే, ఏటయినాది?”

“నువ్వు నెలకి ఎల్లిపోతావు. ఆ తరవాత ఆ ఊర్లో నాతోటి ఎవులు మాటాడతారు?”

గంగయ్య బుర్ర గోక్కున్నాడు. “సరే. సాయంత్రం దాకా ఏ విమానమూ నేదు కదా. ఊరు సూసొద్దాం రా. అప్పుడు సెప్పు.”

విమానం కంపెనీ బస్సు వాళ్లను రైల్వేస్టేషన్ ముందు దింపింది. ఐదింటికి అక్కడే ఎక్కాలి.

ఆ ఊరిని చూసి రత్నావతికి ఏడుపు మరుపొచ్చింది. ఆమెకు తెలిసిన పాతదనమంటే ఎస్టేటు ఫ్యాక్టరీ పొగగొట్టమే. ఇక్కడ రెండు వేల ఏళ్ల నాటి గోడకు ఒకామె బట్టలు ఆరేసుకుంటోంది. చక్రవర్తులు ఊరేగిన రాళ్ల మీద పిల్లి బాలింతరాలిలా పడుకుని ఉంది. సందు తిరిగితే ఫౌంటెన్, మరో సందు తిరిగితే గోపురం. లోకంలోని రాళ్లన్నీ ఎవరో పిలిచినట్టు ఇక్కడికి నడిచొచ్చాయా అనిపించింది.

గంగయ్య పని గంగయ్యది. పోలీసును అడిగాడు, పాదిరీని అడిగాడు, సగం గడ్డం గీసిన మంగలిని అడిగాడు. ఒక రాతి విగ్రహాన్ని మాత్రం వదిలేశాడు, అదీ దగ్గరికెళ్లి చూశాకే.

“పరువు తీసేస్తున్నావు మావా!”

“నన్నిక్కడ ఎరిగినోడు ఎవుడే, పరువు పోడానికి?”

తిరిగి తిరిగి పాంథియన్ అనే పాత గుడి నీడలోకి వచ్చారు. ఎదురుగా ఒక గుమ్మంలో నల్లబట్టల ముసలమ్మ ఒంటరిగా బఠాణీలు ఒలుస్తోంది. గంగయ్య గుడి స్తంభానికి వీపు ఆనించి మరీ అడిగాడు.

“అమ్మా, పాంథియన్ ఎటు లా?”

ముసలమ్మ ఆయన్ని చూసింది, వెనకున్న స్తంభాన్ని చూసింది. బఠాణీలు ఒళ్లోంచి జారిపోయేలా నవ్వింది. లేచి వచ్చి ఆయన భుజాలు పట్టుకుని గిర్రున వెనక్కి తిప్పింది. అంతటితో ఆగక రత్నావతి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

లోపల గోపురం నడినెత్తిన పెద్ద గుండ్రటి కన్నం. తలుపూ లేదు, అద్దమూ లేదు. అందులోంచి ఎండ స్తంభంలా దిగి గోడ మీద నిలబడి ఉంది. వాన పడితే నేరుగా లోపలికే. ఇన్ని వందల ఏళ్లుగా ఆకాశానికి అలా దారి తీసిపెట్టే ఉంచారు. రత్నావతి మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసింది. గంగయ్య అక్కడ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

బయటికొచ్చాక ముసలమ్మ వదిలితేనా? కాఫీ పోసింది, కొడుకుల ఫోటోలు చూపించింది, తన భాషలో కష్టసుఖాలు చెప్పింది. రత్నావతి తెలుగులో ఊ కొట్టింది. తీరా గడియారం చూస్తే నాలుగున్నర.

“మావా, బస్సు! ఇంక దారి అడుగుతూ కూకున్నావంటే అయిపోనాం!”

గంగయ్య పంచె ఎగ్గట్టాడు. కుడి, ఎడమ, అడ్డసందు. ఎవరినీ అడగలేదు, ఎక్కడా ఆగలేదు. రత్నావతిని తెచ్చి బస్సు ముందు నిలబెట్టాడు.

రత్నావతి రొప్పుతూ అంది. “నీకు దారి తెలుసా?”

“పొద్దున్న ఒచ్చిందే కదా.”

“మరయితే ఊరందర్నీ అడుగుతావేటి?”

“దారి కోసం ఎవుడడిగినాడే?” అని ఆయన బస్సెక్కేశాడు.

రత్నావతి మెట్టు మీదే ఆగిపోయింది. మలయాలో తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో ఏదో అనుమానం మీద ఆమె తండ్రి దాసును పట్టుకుపోయినప్పుడు, కూలీల ఇళ్ల లైనులో ఎవరూ వాళ్ల గుమ్మం వైపు చూడలేదు. పలకరిస్తే తమనూ పట్టుకుపోతారని భయం. అప్పుడు రోజూ పొద్దున్నే ఈ గుమాస్తా వాళ్ల గుమ్మం ముందు ఆగి, ఊరంతా వినేలా అడిగేవాడు. “నరసమ్మా, ఆఫీసు ఎటు?” ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆఫీసు! అమ్మ బయటికొచ్చి చెయ్యి చూపించేది. దారి అడిగితే తప్పనడానికి ఏ చట్టమూ లేదు. నెల తిరిగేసరికి లైనులో సగం మందికి ఆఫీసు దారి మరుపొచ్చింది. చిన్న రత్నావతి అప్పుడు పగలబడి నవ్వేది, ఈ మావకు మతిమరుపని.

“ఎక్కవే! తిరుగు విమానం ఎక్కాలన్నా ఈ బస్సే.”

ఆమె ఎక్కి, ఆయన పక్క సీటు వదిలేసి, ఎవరో తెల్లామె పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. రత్నావతి గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అడిగింది.

“అమ్మా, ఈ బస్సు విమానాశ్రయానికేనా?”

తెల్లామె మొదలుపెట్టిన జవాబు విమానాశ్రయం వచ్చినా పూర్తి కాలేదు. దిగేటప్పటికి లండన్‌లో ఆమె ఇంటి గుర్తులు, ఆదివారం భోజనానికి పిలుపు రత్నావతి దగ్గర ఉన్నాయి.

లండన్ విమానం వైపు చకచకా నడిచిపోతున్న పిల్ల వెనక గంగయ్య సంచులు మోసుకుంటూ గొణిగాడు.

“ఏటీ పిల్ల, ఎదురుపడ్డోళ్లందర్నీ తెలిసిందే అడుగుతాది!”