స్తోత్రం రాసి పెట్టిన సంతకాలు

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా మావ పోయాడు. నెల్లిమర్ల నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మావ లెగలేదురా" అంది. అంతే.

ప్రియులారా, ఆదివారం ఆదివారం మీ ముందు గొంతు చించుకునే మీ పాస్టర్ని, ఆ మాట విన్నాక ఒక్క ప్రార్థనా చెయ్యకుండానే బయల్దేరాను. మా అమ్మకు తమ్ముడాయన. నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు, ఆయనే. జూట్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చి, బైబిలు వాక్యం ముందు పెట్టి, నార నూగు అంటిన వేలితో ఒక్కో అక్షరం చూపించేవాడు.

ఆయనకో అలవాటు ఉండేది. ఎక్కడ సంతకం పెట్టినా దాని పైన చిన్న అక్షరాలతో 'దేవునికి స్తోత్రం' అని రాసేవాడు. రేషన్ షాపులోనైనా, కరెంటాఫీసులోనైనా. ఎందుకని అడిగితే, "పేరు నాది గానీ సెయ్యి ఆయనదిరా" అనేవాడు.

మిల్లు మానేశాక వచ్చినదంతా పెట్టి కొత్త కారు కొన్నాడు. తనే నడుపుతూ, మా పేట రోగుల్ని విజయనగరం ఆసుపత్రికి తిప్పి బతుకుదామని. బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది నేనే. రెండో వారంలోనే నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయింది. చల్లారితే నడుస్తుంది, వేడెక్కితే ఆగుతుంది. ఒకసారి పురిటినొప్పులొచ్చిన పిల్లని తీసుకెళ్తూ రైలు గేటు మధ్యలో ఆగింది. జనం తోసి బయటపడేశారు. ఆ రోజు నుంచి మా పేటలో ఎవరూ ఆ కారెక్కలేదు.

షోరూంకి ఆరుసార్లు తీసుకెళ్లాడు. ప్రతిసారీ ఏదో మార్చేవారు, చేసిన పని రాసిన జాబ్‌కార్డు ముందుకు తోసేవారు. 'పని తృప్తికరం' అన్నచోట సంతకం పెడితేనే తాళం. మొదటిసారే నన్నడిగాడు.

"ఏటి సెయ్యమంతావురా అల్లుడా? బండి బాగయిందని నాకు నమ్మకం నేదు. పెట్టకపోతే ఆ మెకానిక్కి సీవాట్లంట. ఇద్దరాడపిల్లల తండ్రి."

నేను ఊగిపోయాను. "ప్రభువు దీవించమన్నాడు గానీ శపించమన్నాడా మావా? పెట్టు!"

పెట్టాడు. ఆరుసార్లూ పెట్టాడు. ఆరుసార్లూ పైన స్తోత్రం రాశాడు.

చివరికి వినియోగదారుల ఫోరానికి వెళ్లాం. లోపమున్న వస్తువు అమ్మితే బాగుచెయ్యాలి, లేదా మార్చివ్వాలి, లేదా సొమ్ము తిరిగివ్వాలి. మా వకీలు చట్టం చదివి చెప్తుంటే వాక్యం విన్నట్టే నా ఒళ్లు పులకరించింది. బైబిల్లో న్యాయాధిపతిని వదలకుండా వేడుకుని న్యాయం పొందిన విధవరాలి సంగతి దారిపొడవునా మావకు చెప్పాను. కానీ కంపెనీ వకీలు ఆ ఆరు కాగితాలూ తీసి ఒక్కొక్కటే చదివాడు. "పని తృప్తికరం. దేవునికి స్తోత్రం." నాలుగోదానికి హాల్లో నవ్వులు.

మావ లేచి, "బాబూ, ఆ స్తోత్రం బండికి కాదు" అన్నాడు.

"మరి తృప్తి అని సంతకం ఎవరు పెట్టమన్నారు?"

మావ నావైపు చూశాడు. నా పేరు చెప్పలేదు. కూర్చున్నాడు.

తయారీలోనే లోపమని నిపుణుడి నివేదిక లేదు, తృప్తిపడ్డట్టు సంతకాలున్నాయి అని కేసు కొట్టేశారు. పై కమిషన్‌కి అప్పీలు వేశాం. బండే రుజువు, బయటి మెకానిక్కులతో విప్పించొద్దు అన్నాడు వకీలు. అలా బండి ఏళ్ల తరబడి ఇంటిముందు టార్పాలిన్ కింద ఉండిపోయింది. ప్రతి శనివారం మావ తుడిచేవాడు.

"నాకో సీర కొన్నోడివి కాదు, దానికి తానాలు!" అని అత్త ఎత్తిపొడిచేది.

"నువ్వు ఆగకుండా నడుస్తన్నావు కదే, నీకేటి?" అని నవ్వేవాడు. ఇంటికెళ్లిన ప్రతిసారీ నాకు టీ ఇచ్చాడు గానీ, ఆ రోజు నేనన్న మాట ఒక్కసారీ ఎత్తలేదు.

ప్రియులారా, బండి నడిపి చూడకుండా సంతకం పెట్టకండి. బాగవలేదని మీ చేత్తోనే ఆ కాగితం మీద రాయండి, నకలు తీసుకోండి. నిజం రాయడం శాపం కాదు. ఇది నేను ఆ రోజు ఆయనకు చెప్పాల్సింది.

మావ పోయిన మూడో రోజు, ప్రార్థన మధ్యలో రిజిస్టర్ పోస్టు వచ్చింది. "నువ్వే అందుకోరా" అంది అత్త. సంతకం పెట్టాను. దాని పైన మావలాగే స్తోత్రం రాయబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పైన ఖాళీగానే ఉంచి కాగితం తిరిగిచ్చాను. కవరులో, అప్పీలు కొట్టేసిన ఉత్తర్వు.

చంపావతి నది వైపు నుంచి గాలి లేచి టార్పాలిన్ మూల ఎత్తింది. పోయే ముందు శనివారం మావ ఆయాసమొచ్చి బానెట్ సగమే తుడిచాడట. ఆ సగం ఇంకా మెరుస్తోంది.