ఇంజన్ మీద చెయ్యి

దయ్యాల సంగతి నాకు తెలియదు, ఇంజన్ల సంగతి తెలుసు. ఇరవై ఏళ్లుగా కామారెడ్డిలో బండ్లు బాగు చేస్తున్నాను. ఎవరైనా దయ్యం కథ చెబితే, "ముందు నీ ప్లగ్గు మార్చుకో" అని నవ్వేవాడిని.

మా తమ్ముడికి క్రూయిజర్ బైకు మీద మోజు. కొత్తది కొనే స్తోమత లేదు. ఇదివరకు నన్ను అడగకుండా కొన్న పాత బండి ఇంజన్ నడిరోడ్డు మీద పట్టేసి వాడి కాలు విరిగింది. ఈసారి నేనే చూసి కొంటానని అమ్మకు మాటిచ్చాను.

ఎల్లారెడ్డిలో మూడు వందల యాభై సీసీ బండి ఒకటి అమ్ముతున్నారంటే పొద్దున్నే వెళ్లాను. అమ్మేది షాహీన్, బట్టలు కుడుతుంది. భర్త సలీం జబ్బుతో పోయి నాలుగు నెలలైందట. షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

పాత బండి చూసేటప్పుడు ముందు ఇంజన్ మీద చెయ్యి పెడతాను. చల్లగా ఉండాలి. స్టార్టింగ్ ట్రబుల్ ఉన్న బండిని కొందరు, మన ముందు ఇట్టే స్టార్టవ్వాలని, మనం వెళ్లేలోపే వేడి చేసి పెడతారు.

చెయ్యి పెట్టగానే చుర్రుమంది. నాకు ఒళ్లు మండింది.

"నన్నే మోసం చేస్తవా చెల్లె? ఇప్పుడే నడిపి పెట్టినవ్ కద!"

"అల్లా కసం అన్నా, ఆయన పోయిన సంది ఆ షెడ్డు తెరువనే లేదు. బ్యాటరీ గూడ ఆయన మంచంల ఉన్నప్పుడే మా తమ్ముడు తీస్కపోయిండు."

సైడు ప్యానెల్ విప్పాను. నిజమే, బ్యాటరీ లేదు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. టైర్లలో గాలి లేదు. ముందు చక్రం నుంచి గోడదాకా అల్లుకున్న సాలెగూడు చెక్కుచెదరలేదు. ట్యాంకు చల్లగానే ఉంది, ఇంజనూ సైలెన్సరూ మాత్రం కాలిపోతున్నాయి. చెయ్యి వెనక్కి లాక్కుని ఒకడుగు వెనక్కి వేశాను.

"వేడిగుందా?" అంటూ ఆమె లోపలికి వచ్చింది.

సలీం రోజూ కామారెడ్డిలో షాపు మూసి, హోటల్లో దోస్తులతో కూర్చుని ఆలస్యంగా ఇల్లు చేరేవాడట. చప్పుడు లేకుండా లోపలికొచ్చి "ఎప్పుడో వచ్చిన" అని బొంకితే, ఈమె ఇంజన్ ముట్టుకుని చూసి అబద్ధం పట్టేసేదట. ఆయన పోయాక, చల్లబడ్డ ఇంజన్ ముట్టుకునే ధైర్యం లేక షెడ్డు వైపే రాలేదు.

ఆమె అరచేయి ఇంజన్ మీద ఆనించింది.

"ఝూటా," అంది, నవ్వుతూ ఏడుస్తూ. "ఇప్పుడే వచ్చిండు."

బండి అమ్మనని చెప్పింది. నేనూ మళ్లీ అడగలేదు. మోసమన్నందుకు మాత్రం తప్పైందని చెప్పాను. తమ్ముడికి ఇంకా బండి వెతుకుతూనే ఉన్నాను.

అది ఎలా జరిగిందో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. క్షణం ముట్టుకున్నందుకే నా అరచేయి బొబ్బెక్కింది. ఆమె ఇంజన్ చల్లారేదాకా చెయ్యి తీయలేదు. ఆ చేతికి ఏమీ కాలేదు.