కార్బైన్ మడమ మీది ముద్ర

డాక్టరు నా చేతి వణుకు చూసి తుపాకీ లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఆ నెలాఖరుకి నా గడువు అయిపోతుంది. ఈలోగా నా దగ్గర మిగిలిన ఒక్క ఫ్రెంచ్ కార్బైన్‌ను ఏదైనా మ్యూజియం తీసుకోవాలి. లేదంటే పోలీసులకు అప్పగించాలి, వాళ్ళు దాన్ని ముక్కలు కోయిస్తారు. మా తుపాకుల క్లబ్బులో ఎవరికైనా ఇద్దామంటే అందరూ నా ఈడు వాళ్ళే, తమవి వదిలించుకునే పనిలో ఉన్నారు.

ఇది ఫిరంగి దళాల కోసం చేసిన 1892 నమూనా. మామూలు రైఫిల్ కంటే పొట్టిది. కొన్న రోజునే గొట్టం మీద, బోల్టు మీద, భుజానికి ఆనించే చెక్క మడమకు ఎడమ పక్కన ఉన్న నంబర్లు భూతద్దంతో చూసి డైరీలో ఎక్కించాను. మూడూ ఒకటే. ఒక తుపాకీ భాగాలన్నీ నూరేళ్ళకు పైగా విడిపోకుండా ఉండడం అరుదు. అందుకే దీని విషయంలో నాకు ధైర్యంగా ఉండేది.

విదేశంలో మేముంటున్న ఈ హారిసన్‌లో మా వీధి చివర ఒక తెలుగాయన ఉంటాడు. నలభై దాటాయి, ఐటీ ఉద్యోగం. వారాంతాల్లో ఒక పల్లె మ్యూజియంలో జీతం లేకుండా పనిచేస్తాడు. అక్కడికి వచ్చే పాత తుపాకులు ఏవో తేల్చేది ఆయనే. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచాను. కార్బైన్‌ను భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పెట్టాను. టార్చి వేసి అంగుళం అంగుళం చూశాడు.

"నంబర్స్ అన్నీ మ్యాచింగే అంకుల్. కానీ కుడి పక్కన రౌండ్ స్టాంప్ ఉండాలి కదా, ఏది?"

"ఉంది. చూడు సరిగ్గా."

"లేదంకుల్. ప్లెయిన్‌గా ఉంది."

నేను వేలితో తడిమాను. నున్నగా తగిలింది.

ఆ గుండ్రని ముద్రలో కర్మాగారం అక్షరాలు, చుట్టూ చేసిన నెల, సంవత్సరం ఉంటాయి. మరమ్మతులో చెక్క మారిస్తే కొత్త చెక్క మీద కూడా పాత నంబరే కొట్టేవారు. కాబట్టి అసలు చెక్కో మార్చిన చెక్కో నంబరు చెప్పదు, ముద్రే చెప్పాలి.

"శాండింగ్ చేశారా అంకుల్?"

"ఇసక కాగితం ఈ ఇంటి గడప తొక్కలేదు."

వంటగదిలోంచి మా ఆవిడ అంది: "బొట్టు పెట్టేది అక్కడే కదండీ."

ఏటా ఆయుధపూజకు దీన్ని బయటికి తీసేవాళ్ళం. తడి గంధం పూసి, పైన కుంకుమ పెట్టేవాణ్ణి. అంత పొడవు చెక్క మీద గుండ్రటి చోటు ఆ ముద్ర ఒక్కటే. బొట్టు కోసమే గీసినట్టుండేది. మర్నాడు మరక మిగలకూడదని తడిగుడ్డతో గట్టిగా రుద్ది నూనె రాసేవాణ్ణి. అలా పద్దెనిమిది దసరాలు.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పెడతాం అంకుల్, స్టిక్కర్ బొట్టు. ముందు తీసిన ఫోటో ఏమైనా ఉందా? ఎట్‌లీస్ట్ నోట్స్?"

డైరీలన్నీ దించాను. బోల్టు స్ప్రింగు బిగువు రాశాను, ఏ నూనె ఎంత వాడానో రాశాను. ముద్రలో ఏముందో మాత్రం ఎక్కడా రాయలేదు. అది చెక్క మీదే ఉంది కదా, మళ్ళీ రాయడమెందుకు అనుకుని ఉంటాను.

మా ఆవిడ వచ్చి చూసింది. "దాని ఒంటి మీద ఉన్న అంకెలన్నీ రాశారు. మొహం మీద ఏముందో రాసుకోలేదా?"

నేను డైరీలు ఒక్కొక్కటే మూశాను.

"మ్యూజియం కమిటీని అడుగుతా అంకుల్. ప్రామిస్ చెయ్యలేను. ఆల్రెడీ ఇలాంటివి రెండున్నాయి, స్టాంప్స్ క్లియర్‌గా ఉన్నవి."

గురువారం ఫోన్ చేశాడు. వద్దన్నారట. చాలాసేపు సారీ చెప్పాడు, నేనే ఆపాను.

గడువుకు రెండు రోజుల ముందు దాన్ని పాత దుప్పటిలో చుట్టి స్టేషన్‌కు తీసుకెళ్ళాను. బల్ల వెనక ఉన్న పోలీసు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఏ రకమని అడిగింది. ఫ్రెంచ్‌ది, ఫిరంగి దళం కార్బైన్, 1892 నమూనా అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాను. ఆమె తలూపి ఫారంలో 'పాత రైఫిల్' అని రాసింది. రైఫిల్ కాదు, కార్బైన్ అన్నాను. "ఇక్కడ రెండూ ఒకటేనండీ" అని సంతకం కోసం కాగితం నావైపు తిప్పింది. చెయ్యి వణికి సంతకం గీత దాటింది. అది చాలంది.