గుంతలు పూడ్చిన పాపం

రోడ్డు పాడుచేసి తిట్లు తిన్నవాళ్లను మీరు చూసే ఉంటారు. రోడ్డు బాగుచేసి తిట్లు తిన్నవాణ్ణి చూడాలంటే మాత్రం మా ఊరికి రావాలి. అదీ మామూలు తిట్లు కాదు, అంతర్జాతీయ స్థాయి తిట్లు. తిట్టినవాళ్లలో ఒకాయన ఫిన్లాండ్ దేశస్థుడు. ఆయన ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మొహం చూస్తే మా ఊరి నీళ్ల రుచి గురించి మాట్లాడటం లేదని మాత్రం తెలిసింది.

మాది మానుకోట జిల్లా గూడూరు దగ్గర, అడవి అంచున ఉన్న ఊరు. ఊరి నుంచి తండా మీదుగా అడవిలోకి ఒక ఎర్రమట్టి మొరం రోడ్డు పోతుంది. దాన్ని రోడ్డు అనడం మా మంచితనం. ఆ దారిన పాలు తీసుకెళ్తే చేరేసరికి సగం వెన్న అయ్యేది. అప్పట్లో నాకు సర్పంచ్ కావాలని ఒకటే కోరిక. మా పెద్దబాపు ఒకప్పుడు సర్పంచ్‌గా చేశారు కాబట్టి, ఆ కుర్చీ మా ఇంటి సామానేనని, ఎవరో అడిగి తీసుకెళ్లి తిరిగివ్వడం మరిచిపోయారని నా నమ్మకం. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. పేరు రావడానికి ఏదైనా పెద్ద పని దొరుకుతుందా అని చూస్తుంటే, ఆ పనే జీపు వేసుకుని వచ్చింది.

జీపులోంచి దిగినాయన పేరు కార్తీక్. హైదరాబాద్ మనిషి. దేశదేశాల డ్రైవర్లు పాల్గొనే కార్ల ర్యాలీ పెడుతున్నారట. జనగామలో మొదలై, మా అడవి రోడ్డు మీదుగా సాగి, భూపాలపల్లి వైపు ముగుస్తుందట. అంతా మట్టి దారులే. ఒక్కో దారి ముక్కను స్టేజ్ అంటారు. ఒక కారు పోయిన కాసేపటికి ఇంకో కారును వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో దాటితే వాళ్లు గెలిచినట్టు.

"గింత దిక్కుమాలిన రోడ్డే దొరికిందా సార్ మీకు?" అన్నాను సిగ్గుపడుతూ.

"ఇంతకంటే మంచిది ఎక్కడా దొరకలేదు శ్రీనివాస్ గారు" అన్నాడాయన.

ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను. నన్ను ఆ స్టేజ్‌కు స్థానిక ఇన్‌చార్జ్‌ని చేసి, ఒక ఎర్ర జాకెట్, ఒక విజిల్ చేతిలో పెట్టాడు. "రేసు రోజు పశువులు, మనుషులు రోడ్డు మీదికి రాకుండా చూసుకోండి, చాలు. ఇంకేం చేయకండి" అని చెప్పి వెళ్లాడు. ఆ చివరి మాట నేను చెవిన వేసుకుని ఉంటే మీకిప్పుడు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ జాకెట్ తొడుక్కున్నాక నేను ఆగలేదు. నెల్లికుదురులో మేనమామకు, పెద్దవంగరలో మా ఆవిడ పుట్టింటికి ఫోన్లు చేసి, రేసు మా ఊళ్లో నేనే పెట్టిస్తున్నట్టు చెప్పుకున్నాను. తండా ఆడవాళ్లు రొట్టెలు, కోడికూర అమ్ముకోవడానికి పొయ్యిలు సిద్ధం చేసుకున్నారు. రేసు బాగా జరిగితే కుర్చీ నాదే. జరగకపోతే ఏమవుతుందో ఆలోచించే తెలివి అప్పట్లో నాకు లేదు.

రేసుకు ముందు డ్రైవర్లు మామూలు కార్లలో వచ్చి దారి చూసుకున్నారు. మొదట వచ్చింది ఫిన్లాండ్ ఆయన. పక్క సీట్లో ఒకమ్మాయి. కారు నత్తలాగా పోతోంది. గుంత వచ్చినప్పుడల్లా ఆయన ఏదో చెప్తాడు, ఆమె రాసుకుంటుంది. తండా దగ్గర, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ మీద ఒక పెద్ద మిట్ట ఉంది. అక్కడైతే కారు ఆపి మరీ రాసుకున్నారు.

నా పక్కన తండా బాలు ఉన్నాడు. మా ఊరి పనులన్నింటికీ వాడి ట్రాక్టరే దిక్కు. అన్నా అన్నా అని వెంటే తిరిగేవాడు.

"అన్నా, మన గుంతలన్నీ రాసుకపోతున్నరే" అన్నాడు.

"ఎందుకంటవ్?"

"ఎందుకేంది, ఆళ్ల దేశంల చెప్పుకొని నవ్వనీకి."

మీరే చెప్పండి, మన దగ్గర గుంతలు రాసుకునేది ఎవరు? పేపరువాళ్లు, లేదంటే ఎన్నికల ముందు వచ్చే ఇంజనీర్లు. ఎవరు రాసుకున్నా పోయేది ఊరి పరువే. పైగా మనకొక ఆనవాయితీ ఉంది. పెద్దమనిషి వస్తున్నాడంటే ముందురోజు రోడ్డుకు మొరం పడాలి, పక్కన సున్నం గీత పడాలి. మంత్రి ఒక్కడొస్తేనే అంత చేస్తే, సముద్రాలు దాటి వచ్చినవాళ్లకు ఇంకెంత చేయాలి?

చేశాను. బాలు ట్రాక్టర్, వాడి బావమరిది జేసీబీ, గుట్ట దగ్గరి మొరం. గుంతలన్నీ పూడ్చాం. మోరీ మీది మిట్టను చెక్కేసి చాప పరిచినట్టు చేశాం. నీళ్లు చల్లి రోలర్ తొక్కించి, రెండు పక్కలా సున్నం గీశాం. మర్నాడు పొద్దున్నే మా వాడకట్టు ఎల్లవ్వ ఆ దారినే ఆటోలో పోతూ నా దగ్గర ఆపించింది. నడుం నొప్పికి ఆమె వారం వారం మానుకోట దవాఖానకు పోయి వస్తుంటుంది.

"శీనూ, పోయొచ్చినంక నొప్పి ఇంకింత ఎక్కువైతుండె బిడ్డా. గియ్యాల ఆటోల కునుకు పట్టింది. సల్లగుండు."

నాకు ఓటు కళ్లముందు కనిపించింది.

కాసేపటికి ఫిన్లాండ్ ఆయన కారు రెండోసారి వచ్చింది. వచ్చి ఆగింది. ఆ అమ్మాయి కాగితాలు ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. ఆయన దిగి రోడ్డు చూశాడు, అడవి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను దండం పెట్టి నవ్వాను. ఆయన ఏదో అన్నాడు. మొదట్లో చెప్పానే, అదే మాట. దారి తప్పామనుకుని కారు తిప్పుకుని వెళ్లిపోయారు. వెనక వచ్చిన కార్లూ అలాగే ఆగి, అలాగే తిరిగిపోయాయి. చివరికి కార్తీక్ జీపు వచ్చింది.

"శ్రీనివాస్ గారు, ఇక్కడో రోడ్డుండాలి. ఏదీ?"

"గిదే సార్. గుర్తుపట్టలే కదా?"

"మోరీ మీద మిట్ట ఉండాలి. కారు గాల్లోకి లేస్తుంది అక్కడ."

"తీసేసినం సార్. గిప్పుడు లేవదు, భయం లేదు."

"లేవాలి."

"ఎందుకు సార్?"

"లేవడానికే వాళ్లు ఫిన్లాండ్ నుంచి వచ్చింది."

ఆయన అక్కడే సున్నం గీత మీద కూలబడ్డాడు. పక్క సీటు మనిషి రాసుకున్నది రేసులో గట్టిగా చదువుతుందట. ముందు ఏ మలుపు, ఏ గుంత ఉందో విని డ్రైవర్ నడుపుతాడట. ఇలాంటి గుంతల కోసం ఆయన ఎన్నో జిల్లాలు తిరిగాడట. నేను వాటన్నింటినీ ఒక్కరోజులో పూడ్చిపెట్టాను. "పొద్దు గూకేలోగా రోడ్డు ఎలా ఉండేదో అలా కావాలి. లేదంటే ఈ స్టేజ్ రద్దు. కార్లన్నీ నేరుగా భూపాలపల్లికి పోతాయి" అని చెప్పాడు.

మేనమామ గుర్తొచ్చాడు. మా ఆవిడ పుట్టింటివాళ్లు గుర్తొచ్చారు. తండా పొయ్యిలు గుర్తొచ్చాయి. గుంతలు తవ్వుదామని గడ్డపార పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, ఏ గుంత ఎక్కడ ఉండేదో నాకు గుర్తులేదని.

ఊరికి కబురు పెట్టాను. గుంతల సంగతి దెబ్బలు తిన్నవాళ్లకే కదా తెలిసేది. మల్లయ్య వచ్చి ఒకచోట నిలబడ్డాడు. "గీడ తవ్వు. నా పండ్లు గీడనే ఊడినయ్" అని సాక్ష్యంగా నోరు తెరిచాడు. పాలు పోసే రాజన్న ఇంకోచోట నిలబడ్డాడు. "నా కాలు ఇరిగింది గీడ. జర లోతుగ తవ్వు. మల్లయ్య గుంత కన్న నాది పెద్దది."

"నీదెట్ల పెద్దదవుతది? నావి ముందటి పండ్లు."

"పండ్లు పోతే నడుస్తవ్. కాలు పోతే నడుస్తవా?"

ఇద్దరికీ సమానంగా తవ్వించి ముందుకు నడిచాను. ఊరంతా ఫోన్లు పైకెత్తి తీస్తోంది. నేను ఎర్ర జాకెట్ సర్దుకుని మరీ తవ్వాను. మోరీ దగ్గరికి వచ్చేసరికి, మిట్ట పోయాల్సిన చోట ఎల్లవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అవ్వా, జర లేవే."

"లేవ."

"రేసు ఆగుతదే."

"ఆగనీ. నా నొప్పి ఎన్నడన్న ఆగిందా?"

"వేరే దేశాలకెల్లి వచ్చిండ్రే ఆళ్లు."

"ఆళ్లు ఒక్కరోజు ఎగిరి పోతరు. నేను వారం వారం ఎగురుతున్న. నాకేమన్న కప్పు ఇచ్చిండ్రా?"

నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నాక గడ్డపార ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. ఇంతలో ఫిన్లాండ్ ఆయన వచ్చి సంగతేమిటని అడిగి తెలుసుకున్నాడు. అవ్వ ముందు గొంతుక్కూర్చుని, తన నడుం మీద చెయ్యేసుకుని ఏదో చెప్పాడు.

"ఆయనకూ నడుం నొప్పేనట. ఎగిరి ఎగిరి వచ్చిందట" అన్నాడు కార్తీక్.

అవ్వ ఆయన్ని జాలిగా చూసింది. "నొప్పి పెట్టుకొని గీ పనేంది బిడ్డా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆళ్లు పోయినంక మల్ల సాపు చేస్తవా?"

"చేస్తనే."

"ఒట్టు పెట్టు."

"సర్పంచ్ కుర్చీ మీద ఒట్టు."

"గది నీది కాదు కదా. నీ మీద పెట్టు."

పెట్టాను. అవ్వ లేచింది.

మర్నాడు రేసు బ్రహ్మాండంగా జరిగింది. మోరీ మీద ఫిన్లాండ్ కారు నాలుగు చక్రాలూ లేపి గాల్లోకి ఎగిరితే ఊరు ఈలలతో దద్దరిల్లింది. "మంచిగనే ఎగిరిండు, కాని నా అంత కాదు" అంది ఎల్లవ్వ. తండా కోడికూర మధ్యాహ్నానికే అయిపోయింది. నా ఛాతీ జాకెట్‌లో పట్టలేదు.

కార్లు పోయాక చూస్తే రోడ్డు మునుపటికంటే అధ్వాన్నంగా ఉంది. ఒట్టు పెట్టాను కదా, నేనూ బాలూ కలిసి మిట్ట చెక్కి, గుంతలన్నీ మళ్లీ పూడ్చాం. తవ్వేటప్పుడు ఊరంతా ఫోన్లు పట్టుకుని వచ్చింది. పూడ్చేటప్పుడు ఒక్కరూ రాలేదు.

ఎన్నికలొచ్చాయి. ఎర్ర జాకెట్‌లో, గడ్డపార నెత్తిపైకి ఎత్తి, ఊరి రోడ్డు మీద కక్ష తీర్చుకుంటున్న నా ఫొటో అవతలి అభ్యర్థి ఫ్లెక్సీలకెక్కింది. కింద ఒకటే వాక్యం: "గీయనకు ఓటేస్తమా?" వేయలేదు. గెలిచినాయన ఇంతవరకు ఆ రోడ్డును చేత్తో ముట్టలేదు. వానలకు గుంతలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. జనం మాత్రం నన్నే గుంతల శీను అంటారు. "నేనైతే నీకే ఏసిన బిడ్డా" అని ఎల్లవ్వ ఒక్కతే చెప్పింది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజే మోరీ మీద నిలబడి, కుడిచెయ్యి చాపి, ఎల్లవ్వ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ప్రాణం పోయినా ఏ రోడ్డూ బాగుచేయను. మొరం ముట్టను. గుంత కనబడితే దండం పెట్టి పక్కనుంచి పోతాను. ఎదురుగా మంత్రి వస్తున్నా, ఫిన్లాండ్ దేశమంతా కదిలి వస్తున్నా ఈ మాట తప్పను.

అవ్వ అంతా విని, నడుం పట్టుకుని ఆటో ఎక్కుతూ అంది:

"గీ ఒట్టేదో ఎలక్షన్ల ముందే పెడితే గెలిచేటోనివి కద బిడ్డా."