బొట్టు కింద తేదీ

క్లచ్ దగ్గరికి వచ్చేసరికి రాజనర్సయ్య గొంతు ఒక మెట్టు కిందికి దిగుతుంది. "జర మెల్లగ అమ్మా. నిద్రపోయిన పిల్ల తలకాయ కిందికెల్లి చెయ్యి తీస్కున్నట్టు వదలాలె" అంటాడు. అలా వదిలిన రోజు కారు కూడా నిద్ర చెడకుండా కదులుతుంది.

అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ కంప్యూటర్ కోర్సుల బోర్డులు మేడల మీదికి పాకుతున్న రోజులవి. ఆ బోర్డుల కింద, జిరాక్స్ షాపు పక్కన, చిలకమ్మ మోటార్ డ్రైవింగ్ స్కూల్. చిలకమ్మ ఆయన తల్లి. ఎడ్లబండి తప్ప మరో బండి ఎక్కి ఎరగదు. పదిహేడేళ్లు లారీ నడిపి, ఆ దుమ్మంతా దులుపుకొని, ఒక తెల్ల మారుతి కొనుక్కుని ఆయన మాస్టరయ్యాడు. మొదటి పాఠంలో స్టీరింగు ముట్టనివ్వడు. చెయ్యి చాపించి వేళ్లు లెక్కపెట్టిస్తాడు. బొటనవేలు లైసెన్సు, చూపుడువేలు ఆర్సీ, నడిమివేలు ఇన్సూరెన్సు, ఉంగరంవేలు పొల్యూషను, చిటికెనవేలు ట్యాక్సు. "అయిదు వేళ్లుంటెనే స్టీరింగు చేతుల నిలుస్తది."

ఆ గురువారం ఉదయం స్టీరింగు నాగేశ్వరి చేతిలో ఉంది. యాభై రెండేళ్ల మనిషి, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డావిడ. ఇంట్లో అందరూ "ఈ వయసులో ఎందుకు?" అంటే, ఎందుకో చెప్పకుండా వచ్చి నేర్చుకుంటోంది. మర్నాడు పదింటికి ఆమెకు డ్రైవింగ్ టెస్టు. లెర్నింగు లైసెన్సుకు కూడా అదే ఆఖరి రోజు. తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పంజాగుట్ట కూడలిలో కానిస్టేబుల్ ఓదెలు చెయ్యి ఎత్తాడు. నాగేశ్వరి ఇంజను ఆగిపోకుండా, గీత దాటకుండా, నీళ్లబిందె దించినంత నెమ్మదిగా ఆపింది.

"శభాష్ అమ్మా," అన్నాడు ఓదెలు. "కాయితాలు జూపి పోండి మాస్టర్."

రాజనర్సయ్య ఆంజనేయుడి పటం వెనక నుంచి ప్లాస్టిక్ కవరు ధీమాగా తీశాడు. రోజూ ఆ కవరుకు అగరొత్తి తిప్పుతాడు. దసరా ఆయుధపూజకు నాలుగు టైర్లకూ, స్టీరింగుకూ, కాగితాలకూ కూడా ఇంత పసుపు, ఇంత కుంకుమ అద్దాడు. ఇన్సూరెన్సు కాగితం మీద ఆ బొట్టు ఎర్రగా, గుండ్రంగా ఇంకా ఉంది.

ఓదెలు గోటితో గీకాడు. కుంకుమ పొడిగా రాలింది. దాని కింద నుంచి తేదీ, పొద్దెక్కాక మంచులోంచి బయటపడ్డ మైలురాయిలా, తేటగా కనిపించింది. గడువు తీరి రెండు నెలలు.

"రోజూ మొక్కినవ్ గని సదవలే, గదా మాస్టర్?"

రాజనర్సయ్య తన నడిమివేలు వంక చూసుకున్నాడు.

కారు పోలీసు స్టేషను ఆవరణలోకి పోయింది. జరిమానా కట్టి, కొత్త ఇన్సూరెన్సు చూపిస్తేనే బయటికి వదులుతామన్నారు. ఇద్దరూ ఆటోలో అమీర్‌పేటలోని ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లారు. అక్కడ రవికాంత్ అనే కుర్ర ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు: "పాలసీ గడువు దాటిపోయిందండి. బండి చూడకుండా కొత్తది రాయలేం. తీసుకురండి."

"ఇన్సూరెన్సు లేంది బండి రాదు సార్."

"బండి రాంది ఇన్సూరెన్సు రాదండి."

రాజనర్సయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "అమ్మా, రేపటికి వేరే స్కూలు కారు అడుగుత. నా మాటేముంది, పోతె పోనీ."

"ఆ కారు క్లచ్ నాకేం తెలుసు మాస్టారూ? నాకు మన కారే కావాలి." నాగేశ్వరి రవికాంత్ వైపు తిరిగింది. "బాబూ, రోగి మంచం దిగలేకపోతే డాక్టరు ఇంటికి వస్తాడా రాడా?"

"వస్తాడండి, కానీ..."

"ఆటో కిందే ఉంది. లే నాయనా."

రవికాంత్ భోజనం డబ్బా వంక ఒకసారి దిగులుగా చూసి, లేచాడు.

స్టేషను ఆవరణలో పట్టుబడిన ఆటోల మధ్య తెల్ల మారుతి, తప్పు చేసి బడి బయట నిలబడ్డ పిల్లలా ఉంది. దాని ఎల్ బోర్డు మీద ఒక పిచ్చుక. రవికాంత్ చుట్టూ తిరిగి చూశాడు, బానెట్ ఎత్తాడు, బండి చట్రం మీద చెక్కి ఉన్న ఛాసిస్ నంబరు మీది జిడ్డు తుడిచాడు. దాని మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తియ్యాలి. జేబులు తడుముకున్నాడు. బాల్‌పెన్ను తప్ప ఏమీ లేదు.

"పెన్సిల్ ఉందాండీ?"

స్టేషనులో వెతికితే దొరికినవన్నీ పెన్నులే. నాగేశ్వరి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "కాటుక పెన్సిల్ పనికొస్తుందా?"

రవికాంత్ రుద్దాడు. నల్లటి నునుపులోంచి ఒక్కో అంకె, ఒక్కో అక్షరం, చీకటి గదిలో కళ్లు అలవాటు పడ్డట్టు తెల్లగా తేలివచ్చాయి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఓదెలుతో సహా నలుగురూ వంగి చూశారు.

"బొట్టు ముంచింది, కాటుక తేల్చింది," అన్నాడు ఓదెలు. రాజనర్సయ్యకు పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

సాయంత్రం నాలుగున్నరకు కవర్ నోట్, అదే తాత్కాలిక ఇన్సూరెన్సు కాగితం, చేతికొచ్చింది. జరిమానా కట్టి తాళం తీసుకున్నారు. నాగేశ్వరి స్టీరింగు ముందు కూర్చుంది గానీ తాళం తిప్పలేదు.

"మాస్టారూ, వేళ్లు."

ఆయన బుద్ధిగా చెయ్యి చాపాడు. బొటనవేలు, చూపుడువేలు. నడిమివేలు దగ్గర ఆగి, చొక్కా జేబులోంచి కాగితం తీసి, తేదీని పైకి చదివాడు. ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, రెండూ. ఆ తర్వాతే కారు కదిలింది.

మర్నాడు టెస్టుకు ముందు ఆమె కుంకుమ పొట్లం విప్పింది. రాజనర్సయ్య కవరును గబుక్కున ఒళ్లో దాచుకున్నాడు. "అద్దానికి పెట్టమ్మా. గీ కాయితం జోలికి మాత్రం రాకు!"

టెస్టులో కారును ఎనిమిది అంకె ఆకారంలో, ముగ్గు వేసినట్టు తిప్పింది. పాసయ్యింది.

తిరుగుదారిలో కూడా తనే నడిపింది. పంజాగుట్ట కూడలిలో ఓదెలు చెయ్యి కదిలింది. నాగేశ్వరి టక్కున బ్రేకు తొక్కి, కవరు కోసం చెయ్యి చాపింది. వెనకాల వంద హారన్లు.

"అమ్మా!" ఓదెలు రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "ఆపమన్నది నిన్న! ఇయ్యాల పొమ్మంటున్న, పో!"