చెక్క మీది సముద్రం

మొగులయ్య పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో ఇనుప డ్రమ్ములకు రంగు కొడతాడు. డ్యూటీ దిగి తన ఊరు లక్డారం చేరాక అతను ముక్కు చీదుకున్న తువ్వాల చూసి, "ఇయ్యాల నీలం కొట్టినవా?" అంటుంది భార్య మల్లమ్మ. రోజూ పొద్దున స్ప్రే గన్ను పట్టగానే, గోడకానించిన చెక్క మీద ముందుగా ఒక గీత కొట్టి చూసుకోవడం అతని అలవాటు. ఏళ్లు గడిచి చెక్క కిందినుంచి పైదాకా గీతలతో నిండింది. మేనేజరు త్రినాథరావు దానికి ఫ్రేము కట్టించి ముందాఫీసులో తగిలించి, మొగులయ్యను పిలిపించాడు.

"నాకైతే గాలికి అడ్డంగా కొట్టే వాన లెక్కుంది," అంది రిసెప్షన్‌లో కూర్చునే హరిచందన. "కాదమ్మా, సముద్రం. పైకెళ్లేకొద్దీ అలలు చూడు," అన్నాడు త్రినాథరావు. "కొట్టినవాడివి, నీకేం కనిపిస్తోంది మొగులయ్యా?" మొగులయ్య అలసిన కళ్లతో చాలాసేపు చూశాడు. కింది పాత గీతలు దారం పట్టి గీసినట్టున్నాయి. పైన ఒకచోట ఆకుపచ్చ గీత కొద్దిగా వంకరపోయింది. నిరుడు ఎండాకాలం, చెయ్యి మొదటిసారి వణికిన రోజు అది. దాని పైన ఒక్క గీతా తిన్నగా లేదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని మల్లమ్మకు కూడా చెప్పలేదు. "సముద్రమే సారూ," అన్నాడు, ఎన్నడూ సముద్రం చూడని మొగులయ్య, కుడిచెయ్యి మెల్లగా జేబులో పెట్టుకుంటూ.