బొడ్డమ్మ ఆర్పని నిప్పు

వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో పుట్టిన బిడ్డలకి నీళ్లు పోసే మనిషి బొడ్డమ్మ. స్నానమయ్యాక పెంకులో నిప్పులేసి, సాంబ్రాణి చల్లి, ఆ పొగకి పిల్లల తల ఆరబెట్టేది. మా ఆవిడకి చెల్లెలు, అంటే నాకు మరదలు. బొడ్డమ్మకో పట్టింపు ఉండేది: పురిటి గదిలో నిప్పు మీద నీళ్లు పడకూడదు, పడితే బిడ్డకు కీడు.

తొంభైతొమ్మిది తుఫానులో మా కోడిపుంజు గాలికి లేచి మందసలో దిగింది. మర్నాడు బస్సులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది. కండక్టర్ని అడగండి. ఇక చెప్పేది మాత్రం నిజం.

ఆ తుఫాను పొద్దున్న పురిటి గదిలో మా చిన్నకోడలు తిరుమల, పసివాడు, బొడ్డమ్మ ఉన్నారు. కిటికీకి బయటినుంచి చెక్కలు కొట్టేశాం. బొడ్డమ్మ సాంబ్రాణి వేసిందో లేదో, కొబ్బరిచెట్టు కూలింది. మాను తలుపుకి అడ్డం, మట్టలు కిటికీ మీద. లోపలి పొగకి దారి లేదు. పసివాడి దగ్గు గోడ ఇవతలికి వినబడుతోంది.

"నిప్పు మీద నీళ్లు పొయ్యవే!" బయటినుంచి అరిచాను.

"పొయ్యను. బిడ్డకేటైనా అయితే నువ్వు బతికిత్తావేటి?"

"పొగకే పోతాడు!"

"నీ కానుమెంటు సదువు నీకాడే ఉంచుకో బావా!"

"సిన్నత్తా, పిల్లోడు కళ్లు తేలేత్తన్నాడు!" తిరుమల గొంతు.

మా అబ్బాయి గొడ్డలి వేస్తున్నాడు, మాను తెగదు. అప్పుడు కాన్వెంటులో సిస్టర్ చేసి చూపించింది గుర్తొచ్చింది. సాంబ్రాణి బంకలో బెంజాయిక్ ఆమ్లం ఉంటుంది. వేడికి ఆవిరై లేచి గొంతు పట్టేస్తుంది. చల్లటి మూత తగిలితే అక్కడే తెల్లటి సూదుల్లా పేరుకుంటుంది.

"నీళ్లొద్దులే! ఇత్తడి పళ్లెం బోర్లించు, మీద తడిగుడ్డ వెయ్యి. నిప్పు ఆరదు, నిద్దరోతాది."

"నిద్దరేనా? కోడిపుంజు కత కాదు గదా?"

"ఒట్టు!"

పళ్లెం చప్పుడైంది.

మాను నరికి తలుపు లాగేసరికి పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బొడ్డమ్మ పళ్లెం ఎత్తింది. దాని లోపలివైపు నౌపడ ఉప్పులా తెల్లటి సూదులు.

"ఇది నా మనవడి గొంతులోకి పోవాల్సిందా!"

తర్వాత వంగి, నల్లబడ్డ బొగ్గుల్ని మెల్లగా ఊదింది. ఒక్కటి ఎర్రబడింది.

"నిజంగా నిద్దరే. జన్మకో నిజం సెప్పినావు బావా," అంటూ గొడ్డలి అందుకుని, మిగిలిన పొగకి దారి చెయ్యడానికి కిటికీ చెక్కల వైపు నడిచింది.